తప్పు చెప్పే పిల్ల

విజయవాడలో శిక్షణకు వెళ్ళేటప్పుడు సుకన్య మామూలు మనిషే. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆమెతో పాటు జపాన్ దేశం కూడా జమ్మలమడుగు బస్టాండులో దిగింది. ఆ వారమంతా ఉన్నత పాఠశాల స్టాఫ్‌రూములో వేరే మాట లేదు. జపాన్ బడుల్లో పీరియడు మొత్తానికి ఒకటే లెక్క ఇస్తారట. టీచరు జవాబు చెప్పదట. పిల్లలే బోర్డు దగ్గరికి వచ్చి ఎవరికి తోచినట్టు వాళ్ళు చేసి చూపిస్తారట. తప్పు చేసిన పిల్లను సిగ్గుపరచరట, పైగా ఆ తప్పునే అందరూ కలిసి విప్పి చూస్తారట. ఒక టీచరు పాఠం చెప్తుంటే తోటి టీచర్లు వెనక కూర్చుని, పిల్లలు ఎలా ఆలోచిస్తున్నారో గమనిస్తారట.

"జపానోళ్ళకు మధ్యాహ్నం కోడిగుడ్ల ఫోటోలు తీసి యాప్‌లో ఎక్కించే పని ఉండదు కదమ్మా" అన్నాడు హెడ్మాస్టరు వెంకటరమణయ్య. "మనకు అది అయ్యేసరికే సగం పొద్దు పోతాంది."

అందరూ నవ్వారు. సుకన్య కూడా నవ్వింది గానీ పట్టు వదల్లేదు. లెక్కల టీచరుగా ఆమెకు ఎప్పటినుంచో ఒక దిగులుంది. ఆమె పిల్లలకు ఎక్కాలు వచ్చు, సూత్రాలు వచ్చు, పోయినేడు పరీక్షలో వచ్చిన లెక్కే మళ్ళీ వస్తే మార్కులూ వచ్చు. అదే లెక్కను కాస్త తిప్పి అడిగితే మాత్రం నోళ్ళు మూతపడతాయి. ఆలోచించడం తమ పని కాదని, చెప్పింది రాయడమే తమ పనని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం పిల్లలు పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. కూర్చోబెట్టి, బెదిరించి, ఏళ్ళ తరబడి నూరిపోసింది తామేనని సుకన్యకు బాగా తెలుసు.

అందుకని ఒకరోజు ఎనిమిదో తరగతిలో పుస్తకాలు మూయించేసి ఒక లెక్క ఇచ్చింది. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ఉన్న గుడ్డ మీద మగ్గం పని చేయడానికి ఒక డబ్బా పూసలు పట్టాయి. రెండు మూరల పొడవు, రెండు మూరల వెడల్పు ఉన్న గుడ్డకు ఎన్ని డబ్బాలు పడతాయి? ఆ తరగతిలో సగంమంది ఇళ్ళలో మగ్గం పని ఉంది. చట్రానికి గుడ్డ బిగించి, ప్రొద్దుటూరు బట్టల కొట్ల నుంచి వచ్చే జాకెట్ల మీద పూసలూ జరీ కుట్టే పని అది.

చాలాసేపు ఎవరూ లేవలేదు. చివరికి వెనక వరస నుంచి మసరత్ లేచింది. ఆ పిల్ల అంతవరకూ తరగతిలో నోరు తెరిచిన జ్ఞాపకం సుకన్యకు లేదు. తండ్రి యూనుస్ కువైట్‌లో డ్రైవరు. తల్లి గౌసియా, జైబున్నీసా అనే ఆమె నడిపే మగ్గాల దగ్గర కూలికి కుడుతుంది. మసరత్ బోర్డు దగ్గరికి వచ్చి 'రెండు' అని రాసింది.

"పొడవు రెండింతలయింది. వెడల్పూ రెండింతలయింది. పూసలూ రెండింతలే మేడం."

ముందు బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మామూలు రోజైతే సుకన్య 'కూర్చో' అనేది. ఆ రోజు అనలేదు. బొమ్మ గీసి చూపించమంది. మసరత్ పెద్ద చదరం గీసి, దాని మూలలో చిన్న చదరం గీసి, కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది.

"ఆగండి మేడం" అంది మెల్లగా. "ఇంకా మూడు జాగాలు మిగిలినాయి."

రెండు పక్కన నాలుగు వేసింది. తరగతి వైపు తిరిగి, తన పొరపాటు తానే చెప్పుకుంది. "నేను అంచు మాత్రమే చూసినా. లోపల చూడల్యా."

సుకన్యకు ఆ క్షణం కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక పిల్ల ఆలోచన తన కళ్ళ ముందే మలుపు తిరగడం ఆమె చూడలేదు. జపాన్ గొప్పో, మన మగ్గం గొప్పో గానీ ఆ గంటలో నిజంగా చదువు జరిగింది. ఆ తర్వాత మసరత్‌ను పట్టడం కష్టమైంది. బెల్లు కొట్టాక వరండాలో వెంటబడేది. "ఇట్లాటిది ఇంకోటి ఇయ్యండి మేడం" అనేది. ఆమెను చూసి మిగతావాళ్ళూ లేవడం మొదలుపెట్టారు. అర్ధసంవత్సర పరీక్షల్లో ఎనిమిదో తరగతి లెక్కల మార్కులు చూసి, ఎగతాళి చేసిన వెంకటరమణయ్యే అద్దాలు తుడుచుకుని మరీ రెండోసారి చూశాడు.

చూసినవాడు ఊరుకోలేదు. పై అధికారులకు చెప్పాడు. మండలంలోని టీచర్లందరి ముందూ ఈ జపాన్ పాఠం చేసి చూపించాలని ఆదేశం వచ్చింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

మన బడులకు ఒక అలవాటు ఉంది. ఎవరైనా చూడడానికి వస్తున్నారంటే చూపించాల్సింది ముందే వండి మూత పెట్టి ఉంచుతాం. గోడలకు సున్నం కొట్టిస్తాం, తెలివైన పిల్లల్ని ముందు బెంచీలకు జరుపుతాం, ఏ ప్రశ్నకు ఎవరు చెయ్యెత్తాలో కూడా ముందురోజే ఖాయం చేస్తాం. ఇందులో ఎవరికీ తప్పు కనపడదు. పెళ్ళిచూపులకు ఇల్లు సర్దుకున్నంత సహజంగా చేసేస్తాం. సుకన్య కూడా ఆ గాలి పీల్చి పెరిగిన మనిషే కదా. పాఠం ముందురోజు పిల్లల్ని కూర్చోబెట్టి అదే మగ్గం లెక్క మళ్ళీ ఇచ్చింది. తరగతి మొత్తం ఒకే గొంతుతో 'నాలుగు' అంది.

ఎవరూ తప్పు చెప్పకపోతే ఇక విప్పి చూడడానికి ఏముంది? కొత్త లెక్క ఇవ్వవచ్చు. ఇస్తే పిల్లలు ఏం చేస్తారో ఎవరికి తెలుసు? అంతమంది ముందు అందరూ గుడ్లప్పగించి కూర్చుంటే తన పరువేం కాను? సుకన్య భయపడింది. భయపడి, మసరత్‌ను పక్కకు పిలిచింది.

"మొదటిరోజు చెప్పినావు చూడు, రెండు అని. రేపు కూడా అట్లే చెప్తావా?"

"తెలిసి కూడానా మేడం?"

"ఊరికే. చూసేటోళ్ళకు అర్థం కావాల కదా."

మసరత్ తలూపింది. టీచరు అడిగితే కాదనే పిల్ల కాదు.

మరునాడు పాఠం అద్భుతంగా నడిచింది. మసరత్ 'రెండు' అని రాసింది, బొమ్మ గీసింది, ఆగింది, 'ఇంకా మూడు జాగాలు మిగిలినాయి' అంది. వెనక కూర్చున్న టీచర్లు చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన తన సర్వీసులో ఇలాంటిది చూడలేదన్నాడు. ఎవరూ వినిపించుకోని లెక్కల టీచరుగా ఇన్నేళ్ళు బతికిన సుకన్యకు ఆ చప్పట్లు చాలా తియ్యగా తగిలాయి. జపాన్ వాళ్ళు తప్పును గౌరవించమని చెప్పారు. మనం తప్పుకు రిహార్సల్ పెట్టాం.

అక్కడి నుంచి ఆ పాఠానికి కాళ్ళొచ్చాయి. ప్రొద్దుటూరులో డివిజను టీచర్లందరికీ చూపించమన్నారు. పిల్లల్ని వ్యానులో ఎక్కించుకుని పోయారు. మసరత్‌కు కూడా పని చేతికి అలవాటైంది. ఎక్కడ తడబడాలో, ఎక్కడ నాలుక కరుచుకోవాలో ఆమెకే తెలిసిపోయింది. "నీ అంత బాగా ఎవురూ చెయ్యలేరు" అని సుకన్య వీపు తట్టింది. ఆ మధ్య మసరత్ వరండాలో వెంటబడి కొత్త లెక్కలు అడగడం మానేసింది. సుకన్య అది గమనించింది. గమనించి, తర్వాత చూద్దాంలే అనుకుంది.

ప్రొద్దుటూరులో ఎవరో ఫోనులో వీడియో తీశారు. మొత్తం పెట్టినా బాగుండేది. మసరత్ 'రెండు' అని రాయడం, పిల్లలు నవ్వడం, అంతవరకే కత్తిరించి, 'ఎనిమిదో తరగతి చదువులు ఇట్లా ఏడ్చినాయి' అని పైన రాసి వాట్సాప్‌లో వదిలారు. అది ఊళ్ళు తిరిగి, సముద్రం దాటి, కువైట్‌లో యూనుస్ ఉండే గదికి చేరింది.

రెండు రోజుల తర్వాత గౌసియా బడికి వచ్చింది. స్టాఫ్‌రూము గుమ్మం దగ్గరే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేడం, మా పాపకు చదువు రాదా?"

"ఎవరన్నారు? తరగతిలో అందరికంటే బాగా ఆలోచిస్తాది."

"మరి ఆ వీడియోలో అట్ల చెప్తాంది ఏంది? కువైట్‌లో వాళ్ళ అబ్బా రూములో అందరూ మన పక్కోళ్ళే. అందరి ఫోన్లకూ వచ్చిందంట. నీ బిడ్డేనా అని అడుగుతాండారంట. మగ్గం కుట్టేదాని బిడ్డకు పూసల లెక్క తెలీదా అని నవ్వుతాండారంట. ఆయప్ప శానా బాధపడినాడు మేడం. ఈ ఏడుతో చాలు, జైబున్నీసా దగ్గర మగ్గానికి కూర్చోబెట్టు అంటాండాడు. నేనేం చెప్పేది? నాకు అక్షరం ముక్క రాదు."

మగ్గం ముందు కూర్చున్న ఆడపిల్ల తిరిగి బెంచీ మీదికి వచ్చిన సంగతి సుకన్య ఎరగదు. మొదట సాయంత్రాలు అంటారు, తర్వాత పెళ్ళిళ్ళ సీజను అంటారు, తర్వాత ఇక ఏమీ అనరు. ఆ పిల్లకు చదువంటే ఏమిటో రుచి చూపించిందీ తనే, ఇప్పుడు నోటి దగ్గర నుంచి లాగేసిందీ తనే.

"ఫోను కలపండి, నేను మాట్లాడతా" అంది.

యూనుస్ గొంతు నెమ్మదైన గొంతు. కోపం లేదు, అదే ఆమెను ఇంకా ఇబ్బంది పెట్టింది.

"నమస్తే మేడం. చెప్పండి."

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. ఆ తప్పు నేను చెప్పించిందన్నా, మీ పాపకు జవాబు ముందే తెలుసు. ఇంతే చెప్పాలి. కానీ పక్కనే వెంకటరమణయ్య కూర్చుని ఉన్నాడు. పై వారం పులివెందులలో జిల్లా మొత్తానికి ఇదే పాఠం ఉంది. జపాన్‌లో ఏళ్ళ తరబడి ఉండి ఈ పద్ధతి నేర్చుకుని వచ్చిన ప్రియదర్శిని అనే ఆవిడ స్వయంగా చూడడానికి వస్తోంది. ఇప్పుడు ఇదంతా నాటకమని బయటపడితే పద్ధతికే చెడ్డపేరు వస్తుందని సుకన్య తనకు తాను చెప్పుకుంది. పద్ధతికి కాదు, తనకు. ఆ తేడా కూడా ఆమెకు తెలుసు.

"ఆ రోజు కంగారు పడిందన్నా" అంది. "అంతమంది ముందర ఎవరికైనా అట్లే అయితాది."

"అంటే సొంతంగానే చెప్పింది, కంగారులో తప్పు చెప్పింది అంటారు."

"అవునన్నా."

"నేను చదువుకోల్యా మేడం. కంగారు ఏదో, తెలీకపోవడం ఏదో నాకు తెలీదు. మీరు పంతులమ్మ, మీరు చెప్తే నమ్ముతా. ఒక తూరి నా కండ్లతో చూడాల. నా బిడ్డ అందరి ముందర రైటు చెప్పేది చూస్తే ఎంతవరకైనా చదివిస్తా."

"పై వారం పులివెందులలో పాఠం ఉంది. గౌసియాను రమ్మంటా. ఆమె ఫోనులో మీరే చూడండి."

అలా మాట ఇచ్చింది. ఇచ్చాక చేయాల్సిన ఏర్పాట్లన్నీ చేసింది. ఈసారి తప్పు చెప్పే పని ఉమైర్‌కు అప్పగించింది. వాడు సరదా పిల్లాడు, వాడి నాన్న ఊళ్ళోనే సైకిలు షాపు నడుపుతాడు, నాలుగు నవ్వులు వాడికి లెక్క కాదు. మసరత్ లేచి సరైన జవాబు చెప్పాలి. ఒక నాటకాన్ని సరిదిద్దడానికి ఇంకో నాటకం కట్టింది. అది తప్ప ఆమెకు వేరే దారి తట్టలేదు.

పులివెందులలో ఆ పెద్ద హాలు నిండిపోయింది. వేదిక మీద బెంచీలు వేసి తరగతిని కూర్చోబెట్టారు. కింద కుర్చీల్లో జిల్లా నలుమూలల నుంచి వచ్చిన టీచర్లు. గౌసియా పక్క గోడకు ఆనుకుని, నల్ల బురఖాలో, ఫోనును రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది. ఫోనులో యూనుస్ ముఖం. బండి ఎక్కడో పక్కకు ఆపుకుని కూర్చున్నాడు.

ప్రియదర్శిని వేదిక మీద కుర్చీ వద్దంది. పిల్లల పక్కన బెంచీ చివర సర్దుకుని కూర్చుంది. సుకన్య మగ్గం లెక్క బోర్డు మీద రాయడం మొదలుపెట్టగానే ఆవిడ నవ్వుతూ లేచింది.

"సుకన్య గారూ, ఈ పాఠం గురించి చాలా విన్నానండి. ఈ లెక్క పిల్లలు ఇదివరకే చేసేశారు కదా. తెలిసిన లెక్కలో మనం చూసేదేం ఉంటుంది? ఇంకోటి ఇద్దామా?"

ఆ మాటలో వంకర ఏమీ లేదు. పాఠం అంటే అలాగే ఉంటుందని ఆవిడ నమ్మకం. సుకన్య నోరు తెరిచేలోపు ఆవిడే సుద్దముక్క అందుకుని రాసింది. పొడవు, వెడల్పు, ఎత్తు సమానంగా ఉన్న చిన్న తొట్టి ఒక బిందె నీళ్ళతో నిండుతుంది. మూడు వైపులా రెండింతలు ఉన్న తొట్టి నిండాలంటే ఎన్ని బిందెలు?

ఉమైర్ తెల్లముఖం వేశాడు. సుకన్య చూపు మసరత్ మీదికి పోయింది. ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి. వేలితో బెంచీ మీద ఏదో గీసింది, దాని మీద ఇంకోటి గీసింది, కళ్ళు పెద్దవయ్యాయి. దొరికింది. సుకన్యకు ఆ కళ్ళు తెలుసు. ఆ తండ్రి చూడాలనుకున్నది సరిగ్గా ఇదే, ఎవరూ నేర్పనిది, ఆ పిల్ల బుర్రలో ఇప్పుడే పుట్టింది. సుకన్యకు ఏడుపొచ్చినంత సంతోషమైంది.

ప్రియదర్శిని కూడా చూసింది. "నీ పేరేంటమ్మా? మసరతా? రా, వచ్చి చెప్పు. తప్పైనా ఏం ఫర్వాలేదు. మనకు కావలసింది తప్పే."

మసరత్ బోర్డు దగ్గరికి నడిచింది. గోడ దగ్గర గౌసియా ఫోను పైకెత్తింది. సుద్దముక్క బోర్డుకు తగిలే ముందు ఆ పిల్ల చెయ్యి ఆగింది. వెనక్కి తిరిగి సుకన్యను చూసింది. భయం లేదు, కల్మషం లేదు. చేయాల్సిన పనేదో కనుక్కుని చేద్దామన్నట్టు, హాలంతా వినపడేలా అడిగింది.

"మేడం, ఇప్పుడు తప్పు చెప్పాల్నా, రైటు చెప్పాల్నా?"

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకరొకరుగా అర్థమైంది. వెంకటరమణయ్య తల దించుకున్నాడు. ప్రియదర్శిని నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయి, నెమ్మదిగా ఆరిపోయింది. సుకన్య బోర్డు దగ్గరి నుంచి పక్కకు జరిగింది.

"నీకు తెలిసింది చెప్పు మసరత్."

"రైటేనా మేడం?"

"రైటే."

మసరత్ తిరిగి గీసింది. కింద నాలుగు చిన్న తొట్లు, వాటి మీద ఇంకో నాలుగు. "మగ్గం గుడ్డకు ఎత్తు లేదు కాబట్టి నాలుగుతో ఆగింది. తొట్టికి ఎత్తు ఉంది. పైన ఇంకో వరస వస్తాది. ఎనిమిది బిందెలు." ఏ పుస్తకంలోనూ అంత శుభ్రంగా ఉండదు.

వెనక కుర్చీల్లో ఎవరో గట్టిగానే అన్నారు. "ఇది కూడా నేర్పించి తెచ్చిందే లేప్పా." హాలంతా గొల్లున నవ్వింది. "లేదండీ, ఈ పాప ఇప్పుడే ఆలోచించింది, నేను పక్కనే ఉండి చూశాను" అని ప్రియదర్శిని చెప్పబోయింది. ఆ నవ్వులో ఆవిడ మాట ఎవరికీ చేరలేదు.

సుకన్య వేదిక దిగి నేరుగా గౌసియా దగ్గరికి పోయింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఫోనుకు ముఖం దగ్గరగా పెట్టి, చెప్పేసింది.

"అన్నా, ప్రొద్దుటూరులో తప్పు చెప్పమనింది నేనే. పాపకు అప్పటికే తెలుసు. నా పాఠం బాగా కనపడాలని చెప్పించినా. తప్పు నాది. కానీ ఇప్పుడు చెప్పింది మాత్రం పూర్తిగా ఆ పిల్ల సొంతం. ఈ లెక్క ఎవరూ నేర్పల్యా. మీ బిడ్డకు చదువు వస్తాది, నన్ను నమ్మండి."

ఫోనులో యూనుస్ ముఖం తెరకు దగ్గరగా వచ్చింది.

"ఇది సొంతమంటారు."

"సొంతమే అన్నా. ప్రమాణంగా."

"పోయినసారి కూడా సొంతమే అంటిరి కదా మేడం. కంగారు పడిందంటిరి."

అతను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. వాళ్ళ ఇంటి ఉర్దూలో భార్యతో రెండు ముక్కలు మాట్లాడాడు. ప్రొద్దుటూరులో పుట్టి పెరిగిన సుకన్యకు ఆ రెండు ముక్కలూ అర్థమయ్యాయి. సోమవారం నుంచి జైబున్నీసా దగ్గరికి పంపమన్నాడు.

గౌసియా ఫోను బురఖా లోపల పెట్టుకుని కూతుర్ని చెయ్యూపి పిలిచింది. మసరత్ చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ మెట్లు దిగి వచ్చింది.

"వ్యానులో రాంలే మేడం. బస్సుకు పోతాం" అంది గౌసియా.

మసరత్‌కు ఏం జరిగిందో తెలియలేదు. తల్లి ముఖంలోకి చూసి, "ఎందుకమ్మీ, రైటే చెప్పినా కదా?" అని అడిగింది.

గౌసియా ఒకసారి సుకన్య వైపు చూసింది. తర్వాత కూతురి తల మీది చున్నీ సర్దింది.

"ఏమో తల్లీ" అంది. "నాకెట్ల తెలుస్తాది."